డిప్లొమా దగ్గర ఆపేది ఎవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చాక మా అరుగు మీద కూర్చునే జనం మారిపోతారు. మామూలు రోజుల్లో పెన్షను కాగితమో, రేషను కార్డు గొడవో పట్టుకుని వస్తారు. ఇప్పుడు పిల్లల మార్కుల కాగితాలు పట్టుకుని వస్తున్నారు. ఫరంపేట నుంచి, కనకాలపేట నుంచి, మెట్టకూరు నుంచి, బాలయోగి వారధి దాటి ఎదుర్లంక నుంచి కూడా. "మేష్టారండీ, ఆణ్ణి ఇంటర్లో ఎయ్యమంటారా, పాలిటెక్నిక్కులో ఎయ్యమంటారా?" అందరిదీ ఇదే ప్రశ్న.

మొన్న ఒకావిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పనికి పోతుంది. ఐసు నీళ్లలో నాని వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆవిడ ప్రశ్న వేరే. "డిప్లొమా అంటే ఇంజినీరేనాండీ, లేపోతే ఇంజినీరు చేతికింద మనిషాండీ?"

ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాం, మీటింగుల్లో ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఇంత సూటి ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఈ సంపాదకీయం ఆవిడ కోసం.

ముందు మనలో మనం అనుకునే మాట ఒకటి తేల్చుకోవాలి. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లు కొందరు పాలిటెక్నిక్ పేరెత్తితేనే మండిపడతారు. "చేతిపని మనకీ, బుర్రపని వాళ్లకీ అని మనువు రాసిందే కదా మేష్టారూ. మళ్లీ మన పిల్లల్ని సుత్తీ స్పానరూ పట్టుకోమంటారా? వాళ్ల పిల్లలు కార్పొరేటు కాలేజీలకి పోయి ఇంజినీర్లయి వస్తుంటే మనోళ్లు వాళ్లకి టూల్స్ అందించాలా?" ఈ కోపం ఊరికే వచ్చింది కాదు. తరతరాలుగా చెప్పులు కుట్టిన చేతులు, కాలువలు తవ్విన చేతులు, డొక్కలు చీల్చిన చేతులు. చేతిపని అనగానే ఒళ్లు మండడం సహజం. కాదనం.

కాని లెక్క వేసి చూద్దాం. మేము ఎలిమెంటరీ మేష్టర్లుగా మొదలైనవాళ్లం, లెక్క వేయకుండా ఒప్పుకోం. పదో తరగతి తర్వాత ఇంటరు రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు. మొత్తం ఆరు. పదో తరగతి తర్వాత డిప్లొమా మూడేళ్లు, దాని మీద లేటరల్ ఎంట్రీలో నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్లు. ఇదీ ఆరే. రెండు దారులూ ఒకే చోటికి, ఒకే కాలంలో చేరతాయి. మరి తేడా ఎక్కడ? మధ్యలో ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుందనే దగ్గర.

మధ్యలో ఆగిపోవడం వాళ్ల పిల్లలకు ప్రమాదం. మన పిల్లలకు అలవాటు. తండ్రికి కామెర్లు వస్తాయి. గోదావరికి వరద వచ్చి నెల రోజులు పనులుండవు. అక్క పెళ్లికి తెచ్చిన అప్పు నెత్తిన కూర్చుంటుంది. ఇంటరయ్యి బి.టెక్. రెండో ఏడాదిలో ఆగిపోయినవాడి దగ్గర ఏముంది? ఇంటరు మార్కుల కాగితం. మూడేళ్లయ్యాక ఆగిపోయిన డిప్లొమా కుర్రాడి దగ్గర జూనియర్ ఇంజినీరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే ఉంది. ఇంటికి జీతం వస్తుంటే వాడు మళ్లీ చదువుకోగలడు, వెనకాల చెల్లిని చదివించగలడు. డబ్బున్నవాడికి డిప్లొమా చుట్టుదారిలా కనపడుతుంది. మన ఇళ్లకు అది మధ్యలో కాలు నిలిపే మెట్టు.

మేమూ ఆ దారిలోనే వచ్చాం. మా నాయన సంతకం నేర్చుకున్నది మేము పలక పట్టాకే. ఇంటరు తర్వాత డిగ్రీకి పోయే స్తోమత లేక టీచర్ ట్రైనింగు చేశాం. అదీ డిప్లొమాయే కదా! చిన్న బడిలో చేరి, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తూ, రాత్రిళ్లు చదివి ప్రైవేటుగా బి.ఏ. పాసయ్యాం, ఆ తర్వాత బి.ఇడి. మా ఇంటిపేరుతో మొదటి డిగ్రీ అది. అప్పట్లో మేము పనిచేసిన ఒక బడి స్టాఫ్ రూములో మమ్మల్ని "పోస్టులో వచ్చిన గ్రాడ్యుయేటు" అని నవ్వుకునేవారు. వాళ్లు చదివిన పుస్తకాలే మేమూ చదివాం. తేడా ఏంటంటే మేము బడి నుంచి వచ్చి, పొలం పని చూసుకుని, కరెంటు ఉన్న గంటల్లో చదివాం.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. 1942లో వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడిగా చేరిన కొద్ది నెలలకే షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద వైస్రాయికి ఒక విజ్ఞాపన పత్రం ఇచ్చారు. బి.ఏ.లూ లా చదువులూ మాత్రమే మన జాతిని పైకి తేలేవు, సైన్సులో టెక్నాలజీలో పై చదువులు కావాలి, దానికి స్కాలర్‌షిప్పులు ఇవ్వండి, విదేశాలకూ పంపండి అని అందులో అడిగారు. అదే పత్రంలో ఇంకోటి కూడా అడిగారు. సర్కారీ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మా పిల్లల్ని అప్రెంటిసులుగా తీసుకోండి అని. విదేశీ చదువూ కావాలన్నారు, వర్క్‌షాపులో లేత్ ముందు చోటూ కావాలన్నారు. ఒకటుంటే రెండోది వద్దనలేదు. మన తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన యానాం పాలిటెక్నిక్ గేటు మీద ఉన్నది ఆయన పేరే. ఆ పేరు కింద నుంచి లోపలికి పోయే పిల్లవాడు తలొంచుకుని పోనక్కరలేదు.

చేతిలో పనుండీ కాగితం లేకపోతే ఏమవుతుందో యానాంలో కళ్లారా చూశాం. 2012 జనవరి 27న టైల్స్ ఫ్యాక్టరీ గొడవలో అటు కార్మిక నాయకుడూ ఇటు కంపెనీ పెద్ద అధికారీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది, ఏళ్లు గడిచినా తలుపులు తెరుచుకోలేదు. తప్పెవరిదో తేల్చడానికి ఇది చోటు కాదు. మేము చెప్పేది ఆ తర్వాత కథ. కొలిమి ముందు ఏళ్ల తరబడి నిలబడి, మంట రంగు చూసి వేడి ఎంతో చెప్పగలిగినవాళ్లు బయటి ఊళ్లకు పోతే "సర్టిఫికెట్ ఉందా?" అన్నారు. లేదు. అంత పనితనం ఉన్నవాళ్లు మట్టి పనికి పోయారు, ఆటోలు తోలారు, కొందరు గల్ఫ్‌కు పోయారు. పనితనం మనిషితో వస్తుందిగాని గేటు దగ్గర దాన్ని ఎవరూ చూడరు. కాగితమే చూస్తారు. ఇది అన్యాయమే, కాని ఉన్న మాట.

సరే, డిప్లొమా చేయించాం. తర్వాత? ఆవిడ ప్రశ్న ఇక్కడే తగులుతుంది. ఇంజినీరా, ఇంజినీరు చేతికింద మనిషా?

ఈ దేశంలో డిప్లొమావాణ్ణి చేతికిందే ఉంచడానికి చాలా తెలివి ఖర్చుపెట్టారు. ఒకే కుర్చీలో ఒకే పని చేస్తున్న ఇద్దరు అసిస్టెంట్ ఇంజినీర్లలో డిగ్రీవాడికే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ప్రమోషను ఇస్తామని జమ్మూ కాశ్మీరు ప్రభుత్వం రూలు పెడితే, ఆ రూలు చెల్లుతుందని త్రిలోకీ నాథ్ ఖోసా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసు ఇంకోటి ఉంది. పాత హైదరాబాదు రాష్ట్రంలో పనిచేసిన గ్రాడ్యుయేటు కాని సూపర్‌వైజర్లు వేసింది, మహమ్మద్ షుజాత్ అలీ కేసు, 1974లో తీర్పు వచ్చింది. వాళ్లు ఓడిపోయారు. కాని తీర్పు రాసిన జస్టిస్ భగవతి ఒక హెచ్చరిక చేశారు. పై ఉద్యోగం పనికి నిజంగా అవసరం లేకపోయినా చదువును బట్టి మనుషుల్ని విడదీస్తూ పోతే, చదువు అందని వర్గాల విషయంలో సమానత్వ సూత్రానికి ఉన్న సామాజిక లక్ష్యమే దెబ్బతింటుందని ఆయన మాటల సారాంశం. యాభై ఏళ్లు దాటాయి. ప్రమోషను రూల్సు రాసే ఆఫీసర్లలో ఎంతమంది ఆ పేజీ తిప్పారో!

మన పుదుచ్చేరి సంగతి ఇంకా విడ్డూరం. పాండిచ్చేరి పి.డబ్ల్యు.డి.లో సెక్షన్ ఆఫీసర్ నుంచి అసిస్టెంట్ ఇంజినీరుగా ప్రమోషనుకు డిగ్రీవాడికి మూడేళ్ల సర్వీసు, డిప్లొమావాడికి ఆరేళ్ల సర్వీసు అని రూలు. చెరి సగం పోస్టులు. మరి డిప్లొమాతో చేరి, ఉద్యోగం చేస్తూ చదివి డిగ్రీ తెచ్చుకున్నవాడి మాటేమిటి? అంతకు ముందు చేసిన సర్వీసు లెక్కలోకి వస్తుందా? ట్రిబ్యునలు వస్తుందంది. 1991 నవంబరులో సుప్రీంకోర్టు రాదంది. శాఖలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి అదే కాబట్టి డిగ్రీ వచ్చిన రోజు నుంచే మూడేళ్లు లెక్కపెట్టాలంది. లాయర్లు దీన్ని సురేష్ నాథన్ కేసు అంటారు.

దీన్ని మన పేటలోకి తెచ్చి చూడండి. కుర్రాడు ఇరవయ్యేళ్లకు ఉద్యోగంలో చేరాడు. ముప్పయ్యేళ్లకు, ఇద్దరు పిల్లల తండ్రయ్యాక, తంటాలు పడి డిగ్రీ తెచ్చుకున్నాడు. పదేళ్లు రోడ్లు వేసి, కల్వర్టులు కట్టి, సైటు మీద ఎండకు మాడిన అనుభవం డిగ్రీవాళ్ల వాటాలో సున్నా! నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చినవాడితో పాటు వీడూ ఒకటో ఏడు నుంచి లెక్కపెట్టుకోవాలి. చదువుకున్నందుకు ప్రతిఫలం ఇదా? ఇంకో సంగతి.    ఉన్న పోస్టులు నాలుగైతే పక్కవాడు ముందుకు పోతే తమ వంతు వెనక్కిపోతుంది. ఒకే మెట్టు మీద నిలబడ్డవాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేలా రూలు రాశారు.

ఈ రూలు దేవుడు రాసింది కాదు. కొద్ది కాలానికే మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఎం.బి. జోషి కేసులో అదే సుప్రీంకోర్టు మొత్తం సర్వీసునూ లెక్కలోకి తీసుకోవచ్చంది. ఎందుకంటే అక్కడి రూల్లో మాటలు వేరు. అంటే ఒక్క వాక్యం ఇలా ఉంటే పదేళ్ల చాకిరీ నిలుస్తుంది, అలా ఉంటే గోదాట్లో కలుస్తుంది. ఆ వాక్యం రాసే కుర్చీలో మనోళ్లు లేరు.

ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివే తలుపులైనా తెరిచి ఉన్నాయా? వెనకటికి ఎ.ఎం.ఐ.ఇ. ఉండేది. పగలు డ్యూటీ చేసి, రాత్రి చదివి, సెక్షన్ ఎ, సెక్షన్ బి పాసైతే డిగ్రీతో సమానం. 2013 మే 31 తర్వాత పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఆ సమానత్వం లేదన్నారు. దూరవిద్యలో బి.టెక్. ఇస్తామని కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఊరూరా బోర్డులు పెట్టాయి. అప్పులు చేసి ఫీజులు కట్టినవాళ్లు కట్టారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు అవి చెల్లవంది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్లను మళ్లీ పరీక్ష రాసుకోమంది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఇంజినీరింగు పోస్టులో నేర్చుకునేది కాదన్న మాట సబబే. కాని అనుమతి లేని కోర్సుకు తలుపు తెరిచింది ఎవరు, శిక్ష పడింది ఎవరికి? ఇప్పుడు ఉద్యోగస్తుల కోసం కాలేజీల్లోనే వేళలు సర్ది బి.టెక్. చెప్పడానికి ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతిస్తోంది. మంచిదే. అలాంటి తరగతి మన పేటల నుంచి డ్యూటీ దిగి వెళ్లి రాగల దూరంలో కావాలి.

ఇక లేటరల్ ఎంట్రీ. సీట్లున్నాయి, మంజూరైన సంఖ్యకు అదనంగా పది శాతం దాకా ఇస్తారు. కాని యానాం పిల్లవాడికి ఆ సీటు ఎక్కడ? సర్కారు ఫీజుతో చదవాలంటే సెంటాక్ ద్వారా పుదుచ్చేరికో కారైకాలుకో పోవాలి. పుదుచ్చేరి ఇక్కడికి దాదాపు 870 కిలోమీటర్లు. అక్కడ మెస్సులో తమిళం, క్లాసులో తమిళం కలిసిన ఇంగ్లీషు. పక్కనున్న కాకినాడ ముప్పై కిలోమీటర్లు కూడా లేదు, బస్సెక్కితే గంట. కాని అక్కడ మనవాడు నాన్-లోకల్. అంతకన్నా ఘోరం, అక్కడ మనవాడు ఎస్సీ కాదు!

చదివేవాళ్లు పొరపాటు పడకండి, అచ్చుతప్పు కాదు. 1964 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో పుదుచ్చేరి షెడ్యూల్డు కులాల జాబితా ఉంది. అందులో మాల ఉంది, మాదిగ ఉంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలోనూ ఉన్నాయి. కాని ఒక రాష్ట్రం సర్టిఫికెట్ ఇంకో రాష్ట్రంలో చెల్లదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి పోయిన గిరిజన కుర్రాడికి అక్కడి మెడికల్ కాలేజీలో రిజర్వేషను లేదన్నారు. ఒక కులానికి ఒక చోట ఉన్న వెనకబాటు ఇంకో చోట ఉండకపోవచ్చని తర్కం. బొంబాయికీ తెనాలికీ ఆ తర్కం సరిపోతుందేమో. చుట్టూ ఆంధ్ర ఉండి మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్లున్న యానాంకు ఎలా సరిపోతుంది? మన పెళ్లిళ్లన్నీ గౌతమికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు. అన్న ఫరంపేటలో ఉంటే తమ్ముడు తాళ్లరేవులో ఉంటాడు. హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాడు సరిహద్దు చూసి పెట్టాడా? అంటరానితనానికి బోర్డరు లేదు, సర్టిఫికెట్‌కు మాత్రం ఉంది. పుదుచ్చేరి వెళితే తెలుగోడంటారు, కాకినాడ వెళితే పాండిచ్చేరోడంటారు.

అమెరికాలో కూడా ఇలాంటి దారి ఉంది. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ చేసి, ఉద్యోగంలో చేరి, వీలు చూసుకుని పెద్ద కాలేజీలో మూడో ఏడుకు పోతారు. పేదలు, నల్లజాతివాళ్లు, వలసవచ్చినవాళ్లు ఆ దారిలో ఎక్కువ. అక్కడా కాలేజీ మారేటప్పుడు చదివిన సబ్జెక్టులు కొన్ని లెక్కలోకి రాకుండా పోతాయి. ఎక్కడైనా పేదవాడు ఎక్కే మెట్టుకే పగుళ్లు.

పిల్లలతో ఒక మాట. లేటరల్ ఎంట్రీలో పోయినవాడికి లెక్కల దగ్గర దెబ్బ తగులుతుంది. ఇంటరులో రెండేళ్లు కాలిక్యులస్ నూరినవాళ్ల పక్కన, బి.టెక్. మొదటి ఏడాది లెక్కలు చదవకుండా నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవాలి. లేబులో నువ్వు వాళ్లకన్నా ముందుంటావు, బోర్డు మీద వెనకబడతావు. నవ్వుతారు. నవ్వనీ. డిప్లొమా చదివే మూడేళ్లూ, సెమిస్టరులో ఉన్నా లేకపోయినా, లెక్కలు వదలొద్దు. మొదటి ఏడాది బి.టెక్. లెక్కల పుస్తకం సంపాదించి సెలవుల్లో చేయి. ఇంగ్లీషూ అంతే. 2024-25 నుంచి మన సర్కారీ బడుల్లో పదో తరగతి సి.బి.ఎస్.ఇ. అయింది. తెలుగులో చదువుకుని వచ్చిన మా పిల్లలు తెల్లమొహం వేయడం రోజూ చూస్తున్నాం. సిలబస్ మార్చినవాళ్లు ఆ పిల్లలకు సాయంత్రం తరగతులు పెట్టాలని ఎందుకు అనుకోలేదు?

డిప్లొమా అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. 1961 నాటి అప్రెంటిసుల చట్టాన్ని 1973లో సవరించి డిప్లొమావాళ్లను అందులో చేర్చారు. స్టైపెండు వస్తుంది. గాడిమొగలో 2009 నుంచి సముద్రంలోని గ్యాసు ఒడ్డుకు వస్తోంది. ఆ పైపులైను మన పొలాల పక్కనుంచే పోతోంది. చుట్టుపక్కల ప్లాంట్లలో మన కుర్రాళ్లు కాంట్రాక్టరు ఇచ్చిన హెల్మెట్ పెట్టుకుని హెల్పర్లుగా ఉన్నారు, అదీ డిప్లొమా ఉండి! హెల్పరుగా చేరేముందు అప్రెంటిస్ పోర్టల్లో పేరు ఎక్కించుకోండి. ఏడాది ఆలస్యమైనా చేతికి సర్టిఫికెట్ వస్తుంది.

మేము అడిగేవి చెబుతున్నాం. డిప్లొమాతో చేరి డిగ్రీ తెచ్చుకున్నవాడి మొత్తం సర్వీసు లెక్కలోకి వచ్చేలా పుదుచ్చేరి ప్రమోషను రూల్సులో ఒక వాక్యం మార్చాలి. అదే సమయంలో డిగ్రీ తెచ్చుకోలేనివాళ్ల వాటా తగ్గకుండా పోస్టులు పెంచాలి, లేకపోతే మనోళ్లు మనోళ్ల మీదే కేసులు వేసుకుంటారు. యానాం పాలిటెక్నిక్‌లో పాసైన ఎస్సీ పిల్లలకు కాకినాడ సర్కారీ కాలేజీల్లో లేటరల్ ఎంట్రీ సీట్లు కేటాయించేలా రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. నీళ్ల కోసం మాట్లాడుకుంటారు, వంతెన కోసం మాట్లాడుకున్నారు, పిల్లల కోసం మాట్లాడుకోలేరా? ఉద్యోగస్తులకు సాయంత్రం బి.టెక్. తరగతి యానాంలోనే పెట్టాలి.

రొయ్యల షెడ్డు ఆవిడకు మేము చెప్పింది ఇదీ: "అమ్మా, డిప్లొమాతో వాడు జూనియర్ ఇంజినీరు అవుతాడు. అక్కడే ఉంచాలని చూస్తారు. మనం ఉండనివ్వం." ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి మా అమ్మాయినండీ? ఆణ్ణే కాదు, దాన్ని కూడా ఎయ్యొచ్చా?" అంది. మాకు సిగ్గేసింది. అప్పటిదాకా వాడు, వీడు, కుర్రాడు అంటూనే మాట్లాడాం. ఈ వ్యాసం నిండా కూడా అదే రాశాం చూడండి. ఆవిడ కూతురికి అబ్బాయికన్నా మార్కులు ఎక్కువ వచ్చాయి.

వచ్చే ఆదివారం పొద్దున్న మా అరుగు మీదే కూర్చుంటాం. మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, పిల్లల పేరు మీద బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇప్పుడు నేరుగా ఖాతాలోకే పడుతుంది. ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు డిప్లొమాకూ, ఆ తర్వాత బి.టెక్‌కూ కూడా పెట్టుకోవచ్చు. ఆదాయ కాగితం పాతదైతే సోమవారం దాకా ఆగకుండా శుక్రవారమే ఆఫీసుకు పోయి అర్జీ పెట్టండి. అమ్మాయిల్ని వెంటబెట్టుకుని రండి.